సర్దారు బూట్లు తడిపిన మిరియం

మునిస్వామి నోరు తెరిస్తే లంబాసా నది వెనక్కి పారుతుందని కూలీలు ఉండే లైనుగదుల్లో ఒక మాట ఉంది. ఆ మాటను పుట్టించినవాడు కూడా మునిస్వామే. అయినా ఆ ఆదివారం మధ్యాహ్నం పార్బతి కుక్కపిల్లను కొంగులో చుట్టుకుని తిన్నగా అతని గది ముందుకే వెళ్లింది. ఆమెకు వేరే దిక్కు లేదు.

పిల్ల పేరు మిరియం. నల్లగా, గుండ్రంగా ఉంటుంది. చెరుకుతోటలో తల్లి చచ్చిపోతే పార్బతి తెచ్చి గంజి పోసి పెంచింది. దానికున్న జబ్బల్లా ఒకటే. ఎవరైనా ఎదురొస్తే చాలు, తోక ఊపుకుంటూ పోయి, నేలకు కరుచుకుని, ఉచ్చ పోసేస్తుంది. సంతోషమొచ్చినా అంతే, భయమేసినా అంతే. నిన్న పొద్దున కూలీలను లేపడానికి వచ్చిన సర్దారు రామ్ ప్రసాద్ బూట్ల మీద పోసింది. ఇంకొక్కసారి పోస్తే దీన్ని నదిలో విసిరేస్తానని చెప్పిపోయాడు. వాడు అన్నంత పనీ చేసే రకం, రేపు సోమవారం మళ్లీ వస్తాడు. గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి సముద్రం దాటి ఈ దీవికి వచ్చాక నాది అని చెప్పుకోవడానికి పార్బతికి దొరికింది ఆ పిల్ల ఒక్కటే.

మునిస్వామి గది ముందు చాప పరిచి నలుగురూ యంగోనా తాగుతున్నారు, మత్తెక్కించే వేరును దంచి కలిపిన నీళ్లు. రామన్న కొబ్బరి చిప్పతో ముంచి అందరికీ అందిస్తున్నాడు. తోట మీద అజమాయిషీ చేసే తెల్లదొరను అక్కడ అందరూ కులంబర్ అంటారు. ఆ దొర గుర్రాలను చూసేది మునిస్వామే కాబట్టి, దొరగారి బంగళా కబుర్లన్నీ అతని నోటి నుంచే రావాలి. పార్బతి గోడు విని అతను మీసం సవరించుకున్నాడు. అది కథ మొదలయ్యే గుర్తు కాబట్టి రామన్న కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు.

"ఇంతేనా చెల్లీ. కులంబర్ ఇంట్లో ఇట్లాంటిదే ఒకటి ఉండె. దొర గడపలో అడుగు పెడితే తివాసీ తడిసేది. ఆయన బెత్తం తీసేవాడు. కొట్టేకొద్దీ ఇంకా పోసేది. ఎందుకో తెలుసునా? మనిషి పైనుంచి వంగితే దానికి కొండ విరిగి మీద పడినట్టు. అయ్యా, నేను నీకంటే చిన్నదాన్ని, నన్నేమీ చేయొద్దని చెప్పుకోవడం అది. కొడితే ఊరుకుంటాదా? ఇంకా గట్టిగా చెప్పుకుంటాది."

పార్బతి కొంగులోని పిల్లను చూసుకుంది. ఇన్నాళ్లూ తను చేసిందీ అదేగా. తోటనుంచి రాగానే అరుచుకుంటూ వంగి ఎత్తుకోవడం, తడిపితే కసురుకోవడం.

"మరి నువ్వేం చేసినావన్నా?" అని అడిగింది.

"ఏమీ చేయలేదు. పక్కకి తిరిగి కూచున్నా. దాన్ని చూడలేదు, పలకరించలేదు. కాసేపటికి అదే వచ్చింది. చెయ్యి కిందనుంచి పోనిచ్చి గడ్డం కింద గోకినా. అంతే. తివాసీ పొడి."

అక్కడ ఆపితే అతను మునిస్వామి ఎందుకవుతాడు? అసలు ఆ పిల్ల ఎంత పోసేదో మీకు తెలియదన్నాడు. బంగళా మెట్ల మీదుగా పారి దిగువ తోటలో చేరితే చెరుకు కొబ్బరిచెట్టంత ఎత్తు పెరిగిందట, కొయ్యడానికి నిచ్చెనలు వేశారట. ఉప్పుగా లేదా మామా ఆ చెరుకు అని రామన్న అడిగితే, ఆ ఉప్పదనం పోవడానికే మిల్లులో రెండుసార్లు కాచారని చెప్పాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? సంగతి పాకి, బా, రేవా అనే దూరపు ఊళ్ల తోటల నుంచి కూడా దొరలు కుక్కపిల్లలను స్టీమరెక్కించి పంపారట. దిగిన పిల్ల దిగినట్టే అతని వీపు చూసి బుద్ధిగా కూర్చునేదట. చివరికి సీమలో రాజుగారి కుక్కపిల్ల సింహాసనం తడుపుతోందని తంతి వచ్చింది. అంత దూరం ఎవడు పోతాడు? ఇక్కడే, ఈ చాప మీదే, లండను ఏ దిక్కున ఉందో అడిగి తెలుసుకుని, ఆ దిక్కుకి వీపు పెట్టి కూర్చున్నాడు. మర్నాడు సింహాసనం ఆరిందని ఇంకో తంతి.

"కుక్కలదేముందిలే," అన్నాడు, చిప్ప ఖాళీ చేసి. "మొన్న తుఫాను వచ్చిందే, ఇళ్లకప్పులు లేచిపోయినాయే. అందరూ దాన్ని చూసి కేకలు పెట్టిరి, అది రెచ్చిపోయె. నేను పక్కకి తిరిగి కూచున్నా. వచ్చింది, నా చుట్టూ తిరిగింది, కాళ్ల కాడ పడుకునింది. గడ్డం కింద గోకితే నిద్రపోయింది."

నలుగురూ పడీ పడీ నవ్వారు. పార్బతికీ నవ్వు వచ్చింది కానీ పెదవి దాటలేదు.

"అన్నా, తుఫాను సరే. రేపు సర్దారును పక్కకి తిరిగి కూచోమని ఎవరు చెప్తారు?"

నవ్వులు ఆగిపోయాయి. సర్దారు ఎదటపడితే తామంతా ఎట్లా తల దించి, ఒదిగి నిలబడతారో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. రామన్న తల వంచుకుని చిప్పతో యంగోనా గిన్నెను కలపసాగాడు.

"నేను చెప్పలేనమ్మా," అన్నాడు మునిస్వామి. "వాడి ముందర నాకూ కాళ్లు వణుకుతాయి. కానీ వాడు లైనులోకి రాకముందే నేను లాయానికి పోతా. పిల్లను నాతో తీసుకుపోతా. సాయంత్రం తెచ్చిస్తా. కొన్నాళ్లకి పెద్దదవుతాది, దానంతట అదే మానేస్తాది."

రామన్న తల ఎత్తాడు. "అయితే మామా, దొర కుక్కపిల్ల కూడా అట్లే మానిందా? దానంతట అదే?"

మునిస్వామి మీసం మీదికి పోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది.

"అట్లే మానిందిరా. అది పెద్దయ్యేదాకా బెత్తం కింద చావకుండా చూసిందెవరు? దొర వచ్చే వేళకి పంచెలో చుట్టుకుని లాయంలో దాచిందెవరు?"

అతను చెప్పిన ఏ మాటకైనా అడ్డు తగిలే రామన్న ఈసారి చిప్ప నిండా ముంచి అతనికి అందించాడు. పార్బతి కొంగు విప్పి మిరియాన్ని చాప మీద వదిలింది. మునిస్వామి అప్పటికే పక్కకి తిరిగి కూర్చున్నాడు.