చప్పుడు చేసే టైర్లు

కెనడాలోని సడ్‌బరీలో తొలిమంచు ఇంకా పడలేదు. కొత్త హైబ్రిడ్ కారుకు చలికాలపు టైర్లు చూడడానికి వచ్చిన పెద్దావిడ, దుకాణదారు చూపించిన మొదటి రకాన్ని ముట్టుకోను కూడా లేదు.

"ఇవి అస్సలు చప్పుడు చెయ్యవమ్మా. అందరూ ఇవే అడుగుతారు."

"నాకు బాగా మోగేవి కావాలి నాయనా."

"మంచు మీద జారకుండా మేకులు దిగ్గొట్టినవైతే వట్టి రోడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మోగుతాయి. పెట్రోలు కూడా కాస్త ఎక్కువ తాగుతాయి."

"తాగనీ. వీధి మలుపు నుంచి వినిపిస్తాయా?"

"వినిపిస్తాయి. ఎందుకమ్మా?"

"నవ్వకు మరి. మా ఆయన ఇంట్లో హీటరు పద్దెనిమిది డిగ్రీలు దాటనివ్వడు. ఆయనటు వెళ్లగానే నేను ఇరవై మూడుకి పెంచుతాను. పాత కారైతే మలుపులోనే వినపడేది, తీరిగ్గా లేచి తగ్గించేదాన్ని. ఇదేమో పిల్లిలా వచ్చేస్తోంది. ఈ వయసులో, నా ఇంట్లో నేనే దొంగలా పరుగెత్తాల్సొస్తోంది."

"దొరికిపోయారా?"

"ఇంకా లేదు. కారు తలుపు సరిగ్గా పడదేమో, ఆయన రోజూ రెండుసార్లు వేస్తాడు. ఆ సందులో పని కానిచ్చేస్తున్నాను. కొత్త కారుకి అదేం తలుపో."

దుకాణదారు ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీరు ఆర్మాన్ గారింటావిడా?"

"అవును. ఏం?"

"తలుపు బాగానే ఉందమ్మా. ఆయన నిన్ననే వచ్చి మేకులవే కావాలని చెప్పి వెళ్లారు. చలిలో నిలబడి తలుపులు బాదలేక చస్తున్నాను, అవతల మా ఆవిడ హీటరు తగ్గించుకోవాలి కదా అన్నారు."

ఆమెకు చెవులదాకా వేడెక్కింది.

"సరే, అవే బిగించు. నేనొచ్చానని మాత్రం ఆయనతో అనకు నాయనా. పిసినారిగా ఆయనకున్న పరువు కాస్తా పోతుంది."