ఆరో రోజు మాత్ర

నడుం పట్టేసిన వడ్రంగి, కూతురి కాన్పు కోసం చేస్తున్న ఊయల ముందు కూర్చుని ఉలి పట్టుకున్నాడు. భార్య టిఫిను తెచ్చి పక్కన పెట్టింది.

"తిన్నాక వేసుకుంటాను, ఆ నొప్పి మాత్ర ఇలా ఇవ్వు."

"నిన్నటితో ఐదు రోజులూ అయిపోయాయి కదండీ."

"మందుల చీటీ ఉందిగా, షాపులో అడుగు."

"చీటీలో ఐదు రోజులకే రాసింది. గట్టి మందు, అంతకు మించితే కడుపుకీ కిడ్నీలకీ ముప్పని డాక్టరమ్మ మీ ముందే చెప్పింది."

"ఆవిడకేం, ఊయల చెయ్యాల్సింది నేను."

"అదేంటి, కడుపు మీద చెయ్యి పెట్టుకున్నారు?"

"ఊరికే."

"నిన్న కూడా సగం అన్నం వదిలేశారు. మంటగా ఉందా?"

అతను ఉలి కింద పెట్టాడు.

"రెండు రోజుల్నించీ ఉంది. చెప్తే మాత్ర మానిపిస్తావని చెప్పలేదు."

ఆమె వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"విరేచనం నల్లగా అవుతోందా?"

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావే?"

"నవ్వులాట కాదు, కడుపులో రక్తం కారితే అలా అవుతుందట, చెప్పండి."

"లేదు. నీ మీద ఒట్టు."

ఆమె వెంటనే డాక్టరమ్మకు ఫోను చేసి, అంతా చెప్పి, అటునుంచి వచ్చిన మాటలు విని పెట్టేసింది.

"ఇప్పుడే రమ్మంది. ఈలోగా ఇంకే నొప్పి బిళ్లా మింగొద్దంది."

"మరి ఊయల? అమ్మాయికి నెలలు నిండాయి."

"పసిగుడ్డు నాలుగు రోజులు నా ఒళ్లో పడుకుంటుంది. దానికి ఊయల కన్నా ముందు తాత కావాలి."

అతను ఆమె భుజం కోసం చెయ్యి చాచాడు.

"మెల్లగా లేవండి. బరువంతా నా మీద వెయ్యండి."

"మొయ్యలేవే."

"ముప్పై ఏళ్లుగా మోస్తూనే ఉన్నాను. పదండి."