ఎర్ర అంకె దాటితే

తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ ఒక చోట పెట్టబోతే ఇంకో చోట పడతాయి. ఈ నాలుగు కాగితాలకి నెల పైనే పట్టింది. మాటలు మాత్రం ఎవరు అన్నవి వాళ్ళవే.

ఎనభై రెండో సంవత్సరం. రామచంద్రపురంలో ఒక ఫొటో స్టూడియో. వదిన సత్యలక్ష్మి, మరిది జోగేశ్వరరావు.

“…అందుకే చెబుతున్నా వదినా. నువ్వే వెళ్ళి పెళ్ళికొడుకు తల్లి సంపూర్ణమ్మగారి కాళ్ళ మీద పడు. నా వల్లే జరిగిందని ఒప్పుకో. దాంతో పోద్ది.”

“నా వల్ల ఏం జరిగింది?”

“మళ్ళీ మొదటికొచ్చావా. ఈ ఫొటో చూడు. మంగళసూత్రం కడుతున్నప్పటిది. పెళ్ళికూతురు నిండా వెలుగులో ఉంది. పెళ్ళికొడుకేడీ?”

“నల్లగా ఉన్నాడు.”

“నల్లగా ఉండటం కాదు, లేడు. చీకట్లోంచి రెండు చేతులొచ్చి సూత్రం కడుతున్నాయి. కొడుకు ముఖం లేని పెళ్ళి ఫొటో చూసి ఏ తల్లి ఊరుకుంటుంది?”

“ఊరుకోకపోతే నిన్నడగాలి. కెమెరా నీ చేతిలో ఉంది.”

“లైటు నీ చేతిలో ఉంది.”

“ఒక లైటు నీ కెమెరా మీదే ఉంది. నా దగ్గరున్నది రెండోది. మొగుడు పోయినదాన్ని పందిట్లోకి రాకూడదని తడిక వెనకాల నిలబెట్టింది నువ్వు కాదూ? వెదురు కర్రకి కట్టి, తడిక మీంచి లోపలికి వంచి పట్టుకున్నా. దానికి తీగ లేదు, మీట లేదు. నీ లైటు వెలిగితే ఆ వెలుగు దాని కంటికి తగిలి అదీ వెలుగుతుంది. నా పనల్లా కర్ర పట్టుకోవడం.”

“అదే చెప్పా ఆవిడకి. కర్ర పట్టుకున్నది మా వదిన అని.”

“చెప్పావా.”

“అడిగారు, చెప్పా.”

“అడిగారా, అడక్కుండానే చెప్పావా?”

“ఏదైతే ఏంటి. ఎవరో ఒకరి పేరు చెప్పాలా వద్దా? నా పేరు పోయిందంటే ఈ పెళ్ళిళ్ళ రోజులన్నీ నేను ఇంట్లో కూర్చోవాలి. నీకు పోవడానికి ఏముంది కనక.”

“ఆవిడేమంది?”

“ఏమంటారు. మీ వదిన పట్టిన లైటు మావాడి మీద పడింది, అందుకే ముఖం మాసిపోయింది అన్నారు. శాస్త్రులుగారు ఆ ఫొటో చూసి పెళ్ళికొడుక్కి గండం ఉందన్నారంట. అది గడిచేదాకా ఆ పిల్లని గడప తొక్కనివ్వం అన్నారు.”

“మీనాకుమారి ఇంకా పుట్టింట్లోనే ఉందా?”

“పద్దెనిమిది రోజులైంది. పసుపుబట్టలు మూటగట్టి పెట్టుకుని కూర్చుందంట.”

“ఆ రోజు ఆ పిల్ల తడిక సందులోంచి నన్ను చూసింది. పీటల మీద కూర్చోబోతూ కూడా, ‘ఎండలో నిలబడ్డారు ఎవరో’ అని కొబ్బరినీళ్ళు పంపించింది.”

“నీకు పోసినందుకే అలా అఘోరిస్తోంది.”

“నన్ను అన్నావు, పడ్డా. దాన్ని అనకు. ఆ ఫొటో ఇలా తే. ఈ నలుపు అంచు చూడు. గోడకి తాడు పట్టినట్టు నిట్టనిలువుగా ఉంది. నీడకి ఎక్కడైనా ఇలాంటి అంచు ఉంటుందా? నా లైటు వెలగలేదే అనుకో, ఫొటో అంతా మందంగా రావాలి. కత్తిపీటతో కోసినట్టు సగం రాదు.”

“నువ్వు నాకు ఫొటోలు నేర్పుతావా? సంతకం పెట్టమంటే బొటనవేలు చాపుతావు.”

“చాపుతాను. అంకెలు చదవడం కూడా రాదు. కానీ ఈ కెమెరా చక్రం మీద ఎర్రగా ఉన్న అంకె తెలుసు. లైటు వేసినప్పుడల్లా మీ అన్నయ్య అక్కడే పెట్టేవారు. దాన్ని దాటనిచ్చేవారు కాదు.”

“అరవై. అరవై అంటారు దాన్ని. సెకనులో అరవయ్యో వంతు. పేరు కూడా తెలీదు, మాట్లాడుతున్నావు.”

“సూత్రం కట్టేటప్పుడు ఆ అరవై మీదే ఉందా?”

“ఉంది.”

“ఉందా?”

“ఉందన్నా కదా.”

“తూర్పు వైపు పందిరాకు జారి ఎండ లోపలికొచ్చింది. నువ్వు చక్రం తిప్పావు. తడిక సందులోంచి నాకూ కనపడింది.”

“తిప్పితే? నూట పాతిక పెట్టా. ఎండ పడి వెనకంతా తెల్లబోతుందని పెట్టా. అయిపోయాక మళ్ళీ అరవైకి తెచ్చేశా. కాకినాడలో తొమ్మిదేళ్ళు చేసినవాణ్ణి, అక్కడ ఐదొందలు పెట్టి లైటు కొట్టినా ఏ రోజూ సగం పోలేదు.”

“అక్కడ నీది రెండు కళ్ళ పెట్టె కెమెరా. అందులో తలుపు రేకులు మధ్యలోంచి విచ్చుకుంటాయి. ఇందులో ఉన్నవి రెండు గుడ్డ తెరలు. ఒకదాని వెనక ఒకటి పరిగెడతాయి. ఎర్ర అంకె దాటించావంటే మొదటిది పూర్తిగా తప్పుకోకముందే రెండోది బయల్దేరుతుంది. లైటు వెలిగేసరికి సగం మూసేసి ఉంటుంది. మూసినంత మేరా నలుపే. మీ అన్నయ్య వెనక మూత తీసి చూపించారు.”

“మా అన్నయ్య నీకు తెరలు చూపించాడా. నాకు చెప్పనిది నీకు చెప్పాడా.”

“నువ్వు అడిగావా?”

“కట్టుకథలు చెప్పకు. నూట పాతికా లేదు, తెరా లేదు. అంతా నీ జాతకం.”

“అయితే కూర్చో.”

“ఏంటి?”

“ఈ బెంచీ మీద, ఈ చివర కూర్చో. ఫొటోలో పెళ్ళికొడుకు ఎటున్నాడో అటు. ఆ చివర కొబ్బరికాయ పెట్టు. రెండో లైటుని నీ చేత్తోనే ఆ మేకుకి తగిలించు. చక్రం నువ్వే తిప్పు, నూట పాతికకి. పది లెక్కపెట్టేలోపు దానంతటదే కొట్టే మీట ఉందిగా, అది నొక్కి వచ్చి కూర్చో. నేను వీధిలోకి పోయి నిలబడతా. నా చెయ్యి గానీ నీడ గానీ పడదు.”

“ఎందుకు?”

“నీ ముఖం నిండుగా వస్తే రేపు పొద్దున్నే వెళ్ళి సంపూర్ణమ్మగారి కాళ్ళ మీద పడతాను. దోషం నాదేనని ఊరందరి ముందూ చెబుతాను.”

“మాట మీద ఉంటావా?”

“ఉంటా.”

“పో అయితే. వీధిలోకి పో. ఇంకా దూరంగా. ఆ కిళ్ళీకొట్టు దాకా పో.”

మర్నాడు పొద్దున. అదే స్టూడియో. బెంచీ మీద పెళ్ళికొడుకు తల్లి సంపూర్ణమ్మ కూర్చుని ఉంది, సత్యలక్ష్మి ఓ పక్కన నిలబడి ఉంది.

“ఏం జోగేశ్వరరావూ, గుమ్మంలోనే ఆగిపోయావు. రా.”

“సంపూర్ణమ్మగారా. తమరెందుకండీ ఇంత దూరం వచ్చారు. మా వదినే మీ గుమ్మంలోకి వద్దామనుకుంటోందండి.”

“కబురు పెట్టింది, వచ్చాను. ఆవిడతో నేను మాట్లాడలేదు. మాట్లాడను కూడా. చెప్పాలనుకున్నది నీతో చెప్పమను, నేను వింటా.”

“చెప్పు వదినా. చెప్పేసెయ్యి, అమ్మగారికి పనులుంటాయి.”

“చెబుతా. రాత్రి నేనే కడిగాను, ముందు ఈ ఫొటో ఆవిడకివ్వు. నువ్వు చూడకుండానే ఇవ్వు.”

“ఇదిగోండమ్మా. నిన్న తీసుకున్నదండి. నాదే.”

“నీదా? ఏదీ. ఇక్కడ బెంచీ ఉంది. కొబ్బరికాయ ఉంది. నువ్వెక్కడ?”

“ఈ పక్కనేనండి.”

“ఈ పక్క ఎవరూ లేరు. నల్లగా ఉంది. మావాడి ఫొటోలో ఉన్నట్టే.”

“ఇలా ఇవ్వండి. ఏదీ… ఇది… ఇది నువ్వు కడిగేటప్పుడు ఏదో చేశావు వదినా.”

“పెళ్ళి ఫిల్ము కడిగింది ఎవరు?”

“…నేనే.”

“మరి అదెందుకు నల్లబడింది?”

“లైటు… నీ లైటు…”

“నిన్న నా లైటు మేకుకి ఉంది. తగిలించింది నువ్వు. మీట నొక్కింది నువ్వు. నేను కిళ్ళీకొట్టు దగ్గర ఉన్నా. ఇంకా దూరం పొమ్మంటే గోదారి దాకా పోయేదాన్ని.”

“జోగేశ్వరరావూ, ఆవిడ చెప్పేది నిజమేనా? నువ్వొక్కడివే ఉన్నావా గదిలో?”

“ఉన్నానండి. కానీ అమ్మగారూ, ఇదంతా…”

“అయితే నీకూ గండమేనన్నమాట. ఇలాంటి నలుపు పడినవాడికి ఏడాది తిరగదన్నారు మా శాస్త్రులుగారు.”

“అలా అనకండమ్మా. పిల్లలు గలవాణ్ణి. గండం ఏంటండీ, నాకేం గండం. అది కేవలం…”

“కేవలం?”

“…ఏం లేదండి.”

“చెప్పు మరిదీ. పెళ్ళికొడుకు నల్లబడ్డాడు, నువ్వూ నల్లబడ్డావు. రెండు సార్లూ ఒకటే పక్క, ఒకటే అంచు. వాళ్ళింటికి ఒక న్యాయం, నీకొక న్యాయం ఉండదు. నీకు పోయేకాలం వచ్చిందా, చక్రం మీద నీ వేలు తప్పిందా? ఆవిడ ముందే చెప్పు. నీకు చావుంటే ఆ అబ్బాయికీ ఉంది. ఆ అబ్బాయికి లేకపోతే మీనాకుమారిని ఇవాళే ఇంటికి తీసుకెళతారు.”

“వదినా…”

“నన్ను కాదు. ఆవిణ్ణి చూసి చెప్పు. చావా, వేలా?”

“…వేలేనండి.”

— సత్యలక్ష్మి, అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది మండపేటలో.