జట్టోళ్ల ఇళ్ల జాగా

శ్రీకాకుళం బస్టాండులో భార్య బల్ల మీద కూర్చుని ఉంది. బ్యాంకుకు వెళ్లిన భర్త, ముసలి తప్పెటగుళ్ల గురువు, తిరిగొచ్చి పక్కన కూలబడ్డాడు.

"బేంకోలేటన్నారు మావా?"

"జట్టు ఖాతాలో ఏటీ నేదంట. ఇల్ల జాగాలకని ఇన్నేల్లూ ఎగిరి ఆడి దాసిందంతా మన లెక్కలు సూసే మాస్టారు తీసీసినారంట."

"నరసింగరావు మాస్టారా? మన పిల్ల పెల్లికి పెద్దగా నిలబడినోరు కదా!"

"ఆయనే. జాగా కాయితాలని మనకిచ్చినవీ దొంగవేనంట."

"అయితే పోలీసు టేసనుకెల్దాం, లెగు."

"ఎల్లొచ్చినాను. ఆల్లు బేంకోల్ని ఫోన్లో అడిగి, డబ్బు తీసిన పెతి కాయితం మీదా నా సంతకమే ఉన్నాదన్నారు."

"సూసుకోకుండా ఎలాగెట్టీసినావు?"

"నాకు సదువెక్కడిదే? పలక తెచ్చి, నా సెయ్యి పట్టుకుని ఆ సంతకం నేర్పిందే ఆయన. 'గురువుగారూ, మీలాంటోరు వేలిముద్ర ఎయ్యకూడదు' అన్నాడు. ఎట్టమన్నకాడల్లా ఎట్టీసినాను."



"మరి జట్టోలికేటి సెప్తావు? గంగులు పునాదికి రాల్లు కూడా తోలించీసినాడు."

"అదే ఆలోసిస్తన్నాను."

"మనూరి బస్సొచ్చినాది మావా."

"పోనీయే. తరవాతదానికెల్దాం."