నూరు మీటర్ల రెక్క

"మొదలు నేను తీసింది ఒక్క పొరనే," అన్నాడు రాఘవేందర్ సారు, టీ మీది మీగడని వేలితో తీసి పక్కకు విదిలిస్తూ. "పొర అంటే గాజుపీచుతోని నేసిన బట్ట. గాలిమర బ్లేడు చేసేటప్పుడు అసుంటియి ఒకదాని మీద ఒకటి పరుస్తరు. నేను చూసిన, గీ ఒక్కటి ఎందుకు అనుకున్న, తీసేసిన. బ్లేడు తేలికైంది. కంపెనీ అంత లేచి నిలబడ్డది."

తారక్ పెదవులు కూడా కదిలాయి. ఈ మాటలు అతనికి కంఠతా వచ్చు. మధ్యాహ్నం మూడింటికి సోమాజిగూడలో ఒక గాలిమరల కంపెనీ వాళ్ల ముందు కూర్చుని ఇవే మాటలు తనవిగా అప్పజెప్పాలి. రాఘవేందర్ సారు మైత్రీవనం కోచింగ్ సెంటర్లో డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పుతాడు. దాంతోపాటు చెయ్యని ఉద్యోగానికి రెండేళ్ల అనుభవం కూడా కాగితం మీద రాసిస్తాడు. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వనంటుంది ఈ వ్యవస్థ. ఉద్యోగం లేనిదే అనుభవం రాదని దానికీ తెలుసు, తెలిసే అడుగుతుంది, అడిగి మనచేత అబద్ధం ఆడించి, తర్వాత యువతకు విలువలు లేవని ఉపన్యాసం ఇస్తుంది. దోపిడీ, హక్కు అన్న మాటలు లేకుండా టీ కూడా తాగని తారక్ సైతం ఆ అబద్ధాన్ని గుటుక్కున మింగాడు. ఏడాదిగా ఖాళీ. ఈ ఉద్యోగం తప్పిపోతే ఏలూరు వెళ్లి బావ కొట్లో టైల్స్ అమ్ముకోవాలి. అందుకే ఆఖరిసారి కథ విని పోదామని సారుని పట్టుకుని టీకొట్టుకి లాక్కొచ్చాడు.

"ఒక్క పొరకే కంపెనీ లేచి నిలబడ్డదా సారూ?" అన్నాడు టీకొట్టు నర్సింహులు. "గంతేనా?"

అదే పొరపాటు. రాఘవేందర్ సారుని "గంతేనా" అనకూడదు.

"గంతేనా అంటవేంది నర్సింహులన్నా! గది మొదటి రోజు ముచ్చట. రెండో రోజు ఇంకో పొర తీసిన. నూరు మీటర్ల బ్లేడు భాయ్, నూరు మీటర్లు, పొడుగు రెండింతలు చేస్తే బరువు ఎన్నో ఇంతలు పెరుగుతది, గదే కదా అందరి పరేషాన్, నేను మాత్రం పొడుగు పెంచుకుంట బరువు దించుకుంట పోయిన. ఆఖరికి క్రేన్ వాణ్ణి ఇంటికి పొమ్మని, నలుగురం భుజం మీద పెట్టుకుని మోసినం. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"నలుగురు మోసేది ఒకటే ఉంటది సారూ," అన్నాడు నర్సింహులు.

"నవ్వకు. తెల్లారి నేనొక్కణ్ణే మోసిన. ఒక్క చేత్తోని. ఇంకో చేతిల టిఫిన్ డబ్బా."

తారక్ నోటి దగ్గర ఉస్మానియా బిస్కెట్టు ఆగిపోయింది. తను నేర్చుకున్నదాంట్లో టిఫిన్ డబ్బా లేదు.

అప్పుడే సుమశ్రీ వచ్చింది. తారక్ బ్యాచే. అదే కంపెనీలో ఆమె ఇంటర్వ్యూ పొద్దున్నే అయిపోయింది. ఏమైందని తారక్ సైగ చేశాడు. "ఉండు, సార్‌ని చెప్పనీ," అని ఆమె బల్ల చివర కూర్చుంది.

కొత్త మనిషి వినడానికి వచ్చేసరికి సారు గొంతు ఇంకా పెరిగింది. "లారీల ఎక్కించి తూకం వేయిస్తే, ఖాళీ లారీ కన్నా బ్లేడు ఎక్కిన లారీ తక్కువ తూగింది! తూకం వేసినాయన కండ్లు తిరిగి పడ్డడు. నేను ఫికర్ చెయ్యలే. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కినం, అంతే, జర గాలి కొట్టింది, లారీ లేచింది. డ్రైవర్ స్టీరింగ్ ఇడిసి దండం పెడుతుండు. కింద మెట్రో పోతున్నది, లోపల జనం మెడలు ఎత్తి ఈడియోలు తీస్తున్నరు. ట్రాఫిక్ పోలీసాయన సుత ఫొటో కొట్టిండు."

"ఎందుకు సార్?" అన్నాడు తారక్, తెలియకుండానే.

"సీటు బెల్టు పెట్టుకోలేదని చలాన్!"

సుమశ్రీ ఒక్కతే నవ్వలేదు. "సార్, అంత పల్చగా చేస్తే గాలికి వంగిపోదా? వంగితే కొస వెనక్కొచ్చి స్తంభాన్ని కొడుతుంది కదండీ?"

సారు టీ ఒక గుక్క తాగాడు. ఒక్క గుక్కే. "మంచిగడిగినవు బిడ్డా. నేను స్తంభానికే నేర్పిన. బ్లేడు దగ్గరికొస్తుంటే స్తంభం నడుం వంచి సలాం చేస్తది. బ్లేడు దాటిపోతది. మళ్ల నిలబడతది. ఇంకో బ్లేడు, ఇంకో సలాం. గా గాలికి బోరబండల ఆరేసిన బట్టలు మేడ్చల్‌ల దొరికినయి. మే నెలల గీ పక్క వజ్రమ్మ ఇడ్లీ బండి కాడ జనం స్వెట్టర్లు ఏసుకుని నిలబడ్డరు!"

తారక్ బిస్కెట్టు కింద పెట్టేశాడు. మూడింటికి తాను చెప్పబోయే అనుభవం ఈ నోట్లోంచే వచ్చింది.

"సార్," అంది సుమశ్రీ. "పొద్దున్న అక్కడ ఒక మేడమ్ ఉన్నారు. నేను ఆ ఒక్క పొర సంగతి ఎత్తగానే పెన్ను కింద పెట్టేశారు. 'నీకంటే ముందు ముగ్గురొచ్చారమ్మా. అదే కంపెనీ పేరు, అదే బ్లేడు, తలో పొర తీశామన్నారు. నువ్వు నాలుగో దానివి. ఇంకా ఆ రెక్కలో మిగిలిందేముంది?' అన్నారు."

"గందుకే లారీ తూకం ఎనక్కి పోయినట్టున్నది సారూ," అన్నాడు నర్సింహులు.

సారు చల్లారిన టీ ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు. ముఖం పాలిపోయింది.

"ఐదో వాణ్ణి నేను," అన్నాడు తారక్. "నువ్వేం చెప్పావ్?"

"ఏం చెప్పను? ఆ కంపెనీ లేదు, ఆ పొరా లేదు, నేను ఏ రెక్కనీ ముట్టుకోలేదన్నాను. లేచి పొమ్మంటారనుకున్నా. ఇప్పుడు సార్‌ని అడిగానే, అదే నన్ను అడిగారు. చదువుకున్నది చెప్పాను. చాలాసేపు కూర్చోబెట్టారు. ఇస్తారో ఇవ్వరో, చెప్తామన్నారు."

తారక్ లేచాడు. "మీరు యువత భవిష్యత్తుతో వ్యాపారం..." అని మొదలుపెట్టాడు. చదివిన నినాదాలన్నీ వరుసగా నాలుక మీదికి వస్తున్నాయి. గోడ మీద గడియారం ఒంటిగంట దాటుతోంది. ఒక్క నినాదంలోనూ సుమశ్రీని అడిగిన ఆ ప్రశ్నకి జవాబు లేదు. అతను మళ్లీ కూర్చున్నాడు.

"కొస స్తంభానికి తగలకుండా నిజంగా ఏం చేస్తారు? మొదట్నుంచీ చెప్పు. ఎంత తెలిస్తే అంత."

సుమశ్రీ బల్ల మీద పడున్న కోచింగ్ కరపత్రం ఒకటి తీసి, పొడుగ్గా చింపి, ఒక కొస పట్టుకుని ఊదింది. కాగితం వెనక్కి వంగింది. "ఇదీ సమస్య. అందుకని రెక్కని తయారుచేసేటప్పుడే గాలికి ఎదురుగా కొంచెం వంచి చేస్తారు. గాలి నెట్టినప్పుడు అది తిన్నగా అవుతుంది, స్తంభం దాకా రాదు. బరువు తగ్గించాలంటే పొర ఊరికే తీసెయ్యరు, ఎక్కడ ఎక్కువ లాగుతుందో అక్కడ మాత్రం బలమైన పీచు పెట్టి..."

బల్ల అవతల స్టూలు కిర్రుమంది. రాఘవేందర్ సారు దాన్ని దగ్గరికి జరుపుకుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగాడు.

"జర మెల్లగ చెప్పమ్మా," అన్నాడు.