పన్నెండో గులాబీ

(అరోరా, ఇలినాయ్. మే నెల, ఆదివారం ఉదయం. ఇషా గ్రాడ్యుయేషన్ పార్టీ అయిన మర్నాడు. ఇషా తల్లి రాధారాణి, ఆమె తమ్ముడి భార్య అవని వంటగదిలో ఉన్నారు.)

“చెత్తబుట్టలో, అవనీ! చెత్తబుట్టలో! అరవై మంది చూస్తుండగా, గీతాంజలి తెచ్చిన బొకేలోంచి గులాబీ పీకి చెత్తబుట్టలో పడేసింది నీ కూతురు.”

“ఒక్కటే కదా వదినా.”

“ఒక్కటే కదా అంటావేంటి? ఇషా చేతిలోంచి లాక్కుంది. వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. నేనేమో కెమెరా వైపు నవ్వుతూ నిలబడ్డాను. ఆ వీడియోలో నా మొహం నాకే చూడబుద్ధి కావట్లేదు.”

“పన్నెండు ఉన్నాయి వదినా. అందుకని...”

“డజను గులాబీలు పన్నెండు ఉండక పదమూడు ఉంటాయా?”

“అక్కడ సరిసంఖ్యలో పూలు ఇవ్వరు. మూడో, అయిదో, పదకొండో ఇస్తారు. రెండు, నాలుగు, పన్నెండు... అవి చచ్చిపోయినవాళ్ళకే. సమాధి మీద పెడతారు.”

“అక్కడ అంటే యుక్రెయిన్‌లో.”

“అవును.”

“ఇప్పుడు మనం ఎక్కడున్నాం?”

“అరోరాలో.”

“హమ్మయ్య. గుర్తుందన్నమాట. నువ్వు కనీసం ఎడ్రస్ మర్చిపోలేదు, సంతోషం.”

“అది భయపడింది వదినా. ఇషా అక్కకి ఏమన్నా అవుతుందని భయపడి తీసేసింది. దానికి ఊహ తెలిసింది అక్కడే కదా.”

“శుభమా అని పార్టీ చేస్తుంటే చావు గోల! పైగా గీతాంజలి పూలు. ఆవిడ అసలే ఏ ఇంటికెళ్ళినా ఏదో ఒక వంక మూట కట్టుకుని పోయే మనిషి. ఆ గులాబీలు కూడా హోల్‌సేల్ షాపులో ధర తగ్గించాక కొన్నవే, ఆకులు చూస్తేనే తెలుస్తోంది. అయినా సరే, ఈ పాటికి నేపర్‌విల్ దాకా ఫోన్లు వెళ్ళిపోయుంటాయి. రాధారాణి మేనకోడలికి మర్యాద తెలీదట అని.”

“నేను ఫోన్ చేసి సారీ చెప్తాను.”

“నువ్వెందుకు? పీకింది నువ్వా? ఆవిడ ట్రేలు ఇక్కడ ఉండిపోయాయి. పదకొండింటికి తీసుకెళ్ళడానికి వస్తోంది. నైనిక కిందికి దిగి, ఆవిడ మొహం చూసి, ‘సారీ ఆంటీ’ అని చెప్పాలి. అంతే.”

“ఇవాళ వద్దు వదినా.”

“ఏం? ఆదివారం సారీ చెప్పకూడదని కూడా ఉందా అక్కడ?”

“అది కాదు...”

“ఏది కాదు? మొత్తం చెప్తాను విను. నిన్న మా రియల్టర్ స్టెఫనీ వచ్చిందా? నీ కొడుకు ఆర్యన్ ఎదురెళ్ళి, ఆవిడ బూట్లు విప్పేదాకా కదలనివ్వకుండా, చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టాడు. అవి ఏ చెప్పులో తెలుసా? నా బాత్రూమ్ చెప్పులు.”

“ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పులివ్వడం మర్యాద వదినా, అక్కడ.”

“అక్కడ, అక్కడ, అక్కడ! మూడు నెలల్నుంచీ ఇదే పాట. పొద్దున మా తమ్ముడు రాజీవ్ ఆర్యన్‌ని పార్కుకి తీసుకెళ్ళాడు. బయట ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్. వాడి నెత్తిన ఉన్నిటోపీ!”

“గాలి వేస్తోందని.”

“గాలి వేస్తే పీల్చుకుంటారు. టోపీ పెట్టుకోరు.”

“అక్కడ టోపీ లేకుండా పిల్లల్ని బయటికి తెస్తే దారిన పోయే ముసలమ్మలంతా నన్ను తిట్టేవాళ్ళు. ట్రామ్‌లో ఒకావిడ తన మెడలో స్కార్ఫ్ తీసి నైనిక చెవులకి చుట్టేసి, నన్ను నాలుగు దులిపి, తన స్టాప్‌లో దిగిపోయింది. నేనెవరో ఆవిడకి తెలీను కూడా తెలీదు.”

“ఇక్కడ అలా చేస్తే పోలీసులొస్తారు.”

“అదే చెప్తున్నా. ఇక్కడికొచ్చి మూడు నెలలైంది. నా పిల్లల్ని ఒక్కళ్ళు కూడా తిట్టలేదు. మీరు తప్ప.”

“అది పొగడ్తా, దెప్పా?”

“నాకే తెలీదు.”

“నాకు మాత్రం ఒకటి తెలుసు. ఇండియాలో మెడిసిన్ సీటు రాని పిల్లలు ఆ దేశం వెళ్తారు. చదువుకుని వచ్చేస్తారు. పసిపిల్లని వేసుకుని వెళ్ళి కాపురం పెట్టింది మాత్రం మీరిద్దరే. మందుల కంపెనీవాడు పంపిస్తానంటే, సింగపూర్ పంపండి అనొద్దూ మా తమ్ముడు? వాడికి చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరు ఏది పెడితే అది తింటాడు. ఆ గుర్రాల దాణాతో సహా.”

“బక్‌వీట్ అది, అక్కడ అన్నంలా వండుకుంటారు. ఇక్కడ మీ ఆర్గానిక్ షాపులో కూడా అమ్ముతున్నారు, మూడింతల ధరకి.”

“నా ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు. సరే, పిల్ల కిందికి రావాలి. ఏం చేస్తోంది పైన?”

“ఉండనీయండి. పదింటికి... దానికి ఆదివారం ఫోన్ వచ్చే టైము.”

“ఆ ముసలావిడా? ఏదో బాబా అంటారు. మగాడనుకున్నాను నేను చాన్నాళ్ళు.”

“బాబా హాల్యా. బాబా అంటే అక్కడ మామ్మ.”

“ఏదో ఒకటి. గంటసేపు ఆ భాషలో గడగడా మాట్లాడిస్తున్నావు దానితో. ఎనిమిదేళ్ళొచ్చాయి, స్కూల్లో ఇంగ్లిష్ యాక్సెంట్ ఇప్పుడిప్పుడే కుదురుతోంది. నేనే చెబుదామనుకుంటున్నాను నీకు, ఆ ఫోన్లు మానిపించు అని.”

“ఆగిపోయాయిలెండి.”

“ఆగిపోయాయా?”

“మూడు వారాల్నుంచీ రావట్లేదు.”

“మంచి పని జరిగింది. పీడా పోయింది.”

“అలా అనకండి.”

“అంటే ఏం? తప్పా?”

“ఆవిడ చచ్చిపోయింది వదినా.”

“...ఎవరు?”

“బాబా హాల్యా. ఈ నెల నాలుగో తారీఖున.”

“నువ్వు చెప్పలేదే.”

“మీరు పార్టీ పనుల్లో ఉన్నారు.”

“ఏమైంది? బాంబు పడిందా?”

“లేదు. కరెంటు లేదు. లిఫ్ట్ ఆగిపోయింది. మా ఎదురు ఫ్లాటే కదా, తొమ్మిదో అంతస్తు. నీళ్ళ క్యాన్ పట్టుకుని ఎక్కిందట. ఏడో అంతస్తులో మెట్ల మీద కూర్చుందట, ఒక్క నిమిషం అని. మళ్ళీ లేవలేదు. వాళ్ళమ్మాయి ఒక్సానా మెసేజ్ పెట్టింది.”

“ఎన్నేళ్ళుంటాయి?”

“డెబ్భై ఒకటి.”

“పెద్దావిడే కదా మరి. అవనీ... ఏంటిది? ఇందాకట్నుంచీ ఉల్లిపాయల వల్ల అనుకుంటున్నాను నేను.”

“ఉల్లిపాయలు తరగడం ఎప్పుడో అయిపోయింది వదినా.”

“నిన్న తలనొప్పి అని పైకెళ్ళి పడుకున్నది ఇందుకేనా? కేక్ కట్ చేసేటప్పుడు నువ్వు కనబడలేదని అందరూ అడిగారు. చూడు, నేను మాట కటువుగా అంటానని నీకు తెలుసు. మా అత్తగారు పోయిన మూడో రోజు నేను ఆఫీస్‌కి వెళ్ళాను. సొంత అత్తగారు! ఎదురింటావిడ కోసం ఇంతగానా?”

“ఎదురింటావిడ కాదు.”

“మరి? నువ్వే అన్నావుగా, ఎదురు ఫ్లాట్ అని. పిల్లల్ని చూసుకునేదని. ఆయాలాంటిది అనుకో.”

“ఆయా కాదు! మీరు ఆ మాట అనొద్దు. ఒక్క పైసా తీసుకోలేదు ఆవిడ. రాజీవ్ నెలలో ఇరవై రోజులు వేరే ఊళ్ళలో ఉండేవాడు. ఆర్యన్ పుట్టినప్పుడు కూడా లేడు. నాకు నొప్పులొస్తే ఆంబులెన్స్‌లో నాతో వచ్చింది ఆవిడ. ఫారమ్‌లో సంబంధం ఏంటి అని అడిగితే ‘తల్లి’ అని రాసేసింది. నా రంగు చూసి, ఆవిడ రంగు చూసి, ఆ నర్సు ముద్ర కొట్టేసింది. మా అమ్మకి అప్పుడు వీసా రాలేదు. మీకు ఫోన్ చేశాను, గుర్తుందా?”

“నాకు ఇక్కడ... అప్పుడు నాకు ఆఫీస్‌లో ప్రమోషన్ టైము.”

“తప్పు పట్టట్లేదు వదినా. ఎవరున్నారో చెప్తున్నానంతే.”

“అయితే ఈ పువ్వుల పిచ్చి పట్టించింది కూడా ఆవిడేనన్నమాట.”

“నా వల్లే. మార్చి ఎనిమిదిన ఆడవాళ్ళకి పూలిస్తారు అక్కడ. ఎనిమిదో తారీఖు కదా అని ఎనిమిది గులాబీలు కొనుక్కెళ్ళాను. మన బుర్ర అలాగే పనిచేస్తుంది కదా. తలుపు తీసింది, చూసింది, నా మొహం మీదే ధడాల్న వేసేసింది.”

“బాగా అయింది.”

“నైనికకి అప్పుడు రెండేళ్ళు. ఏడుపు లంకించుకుంది. ఆవిడ మళ్ళీ తలుపు తీసింది. ఒక గులాబీ పీకి, దాంతోనే నా నెత్తి మీద ఒక్కటిచ్చి, ఆ పువ్వు పిల్ల చేతిలో పెట్టింది. ‘నేను పోయాక తేవే జత పూలు, అప్పటిదాకా ఏడే’ అంది. ప్రతి మార్చిలో అదే ఆట. నేను కావాలని ఎనిమిది కొనేదాన్ని. నైనిక లెక్కపెట్టి ఒకటి తీసేసేది. ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్ళం.”

“చావు మీద జోకులేంటో. అక్కడి మనుషులు నాకర్థం కారు.”

“నా సాంబార్‌లో పుల్లటి మీగడ కలుపుకుని తినేది. ‘సూప్ బాగుంది, కారం ఎవడు పోశాడు’ అని తిట్టేది. తెలుగులో ఒక్క మాటే వచ్చు ఆవిడకి. ‘తిన్నావా’. ఫోన్ ఎత్తగానే అదే. మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బోర్డర్ దగ్గర లైన్లో నిలబడితే, ఫోన్ చేసి అదే అడిగింది, తిన్నావా అని.”

“...కళ్ళు తుడుచుకో. ఇదిగో టిష్యూ. గీతాంజలి వచ్చే టైమైంది. నిన్ను ఇలా చూస్తే దానికో కథ అల్లుతుంది.”

“వదినా, ఒక్కటి అడుగుతాను. నైనికకి చెప్పకండి.”

“దానికి తెలీదా?”

“తెలీదు. అక్కడ కరెంటు లేదు, అందుకే ఫోన్ రావట్లేదు అని చెప్పాను. స్కూల్ జూన్‌లో అయిపోతుంది. పరీక్షలయ్యాక, మెల్లగా, నేనే చెప్తాను. అది ఆ ఇంట్లోంచి వచ్చేశాక నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. మళ్ళీ అలాంటిది నేను చూడలేను.”

“రోజూ అడుగుతుంటే ఎలా దాస్తున్నావు?”

“మొదటి వారం అడిగింది. తర్వాత మానేసింది.”

“చూశావా మరి! పిల్లలు మర్చిపోతారు. నువ్వే అనవసరంగా మోసుకు తిరుగుతున్నావు. దానికి ఈ పాటికి ఆవిడ పేరు కూడా గుర్తుండదు.”

“మాటివ్వండి, చెప్పనని.”

“చెప్పన్లే. ఇదే పనా నాకు? వెళ్ళు, గ్యారేజ్‌లో గీతాంజలి ట్రేలున్నాయి, నూనె మరకల్లేకుండా కడిగి పట్రా. లేకపోతే దాని మీద కూడా వారం రోజులు మాట్లాడుతుంది. నైనికా! ఏయ్ నైనికా! కిందికి రా!”

“మాటిచ్చారు వదినా.”

“ఇచ్చాను తల్లీ, వెళ్ళు! ...వచ్చావా? రా. ఇలా వచ్చి నిలబడు.”

“ఏంటి అత్తా?”

“గీతాంజలి ఆంటీ వస్తోంది. సారీ చెప్పాలి నువ్వు. నిన్న చేసిన... ఆగు. ఆ చేతిలో ఏంటది?”

“రోజ్.”

“మళ్ళీ పీకావా! ఇషా వాజ్‌లోంచేనా?”

“అక్కని అడిగే తీసుకున్నా. నిద్రలోనే ఓకే అంది.”

“నిన్న పన్నెండు. ఒకటి పడేశావు, పదకొండయ్యాయి. మీ లెక్క ప్రకారం పదకొండు మంచిదే కదా? మరి మళ్ళీ ఎందుకు పీకావు? నీకొచ్చిన జబ్బేంటసలు?”

“ఇప్పుడు పది ఉండాలి.”

“పది ఎందుకుండాలి? ఇషాకి ఏమైనా అవుతుందని నిన్న ఊరంతా చూసేలా గొడవ చేసింది నువ్వే కదా!”

“ఆ పది ఇషా అక్కకి కాదు. నా రూమ్‌లో పెట్టా. కిటికీ దగ్గర.”

“ఎవరికి? నిన్నే అడుగుతున్నా. ఎవరికి?”

“బాబా హాల్యాకి. ఇది మిగిలింది. మీరు తీసుకోండి. ఒకటైతే ఏం పర్లేదు, ఇవ్వొచ్చు.”

“నైనికా... నీకెవరు చెప్పారు?”

“టాబ్‌లో కాల్ చేశా. ఒక్సానా ఆంటీ ఎత్తింది.”

“ఎప్పుడు?”

“టూ వీక్స్ అయింది.”

“టూ వీక్స్... మరి మీ అమ్మతో...”

“ష్! మెల్లగా అత్తా, గ్యారేజ్‌లో ఉంది. అమ్మకి చెప్పకండి, ప్లీజ్. అక్కడ కరెంట్ లేదనే అనుకుంటోంది. తనకి ఇంకా తెలీదు.”