రెడ్డెప్ప తాగని గావా

దగ్గరికి జరగండి నాయనా. ఆ గోడవార కూర్చున్నోళ్ళు కూడా ఇట్ల ముందరికి రండి, నా గొంతు సగం భజనకే పోయింది, మిగిలిన సగంతో చెప్పాల. పిల్లోళ్ళను ఒళ్ళో పెట్టుకోండమ్మా, గమ్మునుంటారు. గోవిందుని తలుచుకోని మొదలుపెడతాండా. రెడ్డెప్ప అని ఒకడుండె. పుట్టింది మేకల మందలో, పెరిగింది మేకల మందలో. వానల్లేక, మేత లేక, మందంతా తెగనమ్మి కువైట్‌కు పోయినాడంట. పోతే ఆడ ఏం పనిచ్చినారనుకుంటారు? మేకలు కాసే పని. ఈడ మేకలే, ఆడా మేకలే. కాకపోతే ఈడ కంపచెట్టు నీడన్నా ఉండె, ఆడ అదీ లేదు. చూసినంత దూరం ఇసుక. ఒక రేకుల కొట్టం, ఇన్నూరు మేకలు, మూడు దినాలకొకసారి నీళ్ళ ట్యాంకరు. యజమానిని ఆడ కఫీలంటారంట గానీ మనోడు మాత్రం సేటూ అనే పిలిచేవాడు. సేటు చెడ్డోడు కాదు. కడుపుకు పెట్టేవాడు, చలికి రగ్గులిచ్చినాడు, కేక ఎయ్యడు, కసురుకోడు. అయితే ఏ మాటడిగినా వచ్చే నెల చూద్దాం అంటాడంట. అదొక్కటే ఆయప్ప గుణం.

రెడ్డెప్పకు శనివారం ఒక్కపొద్దు. చిన్నప్పటినుంచి ఉండాది. పొద్దు మునిగేదాకా నీళ్ళు తప్ప ఏమీ నోట్లో పెట్టడు. పొద్దు మునిగినాక దీపం పెట్టి, మూడుసార్లు గోవిందా అని, అప్పుడు తింటాడు. ఆ ఎడారిలో ఇది శనివారమని ఎట్ల తెలిసేదబ్బా అని అడుగుతారేమో. శుక్రవారం సేటు నమాజుకు పోతాడు, మంద కాడికి రాడు. సేటు రాలేదంటే మరుసటి దినం శనివారం. అంతే లెక్క. ఒక నున్నటి రాయికి సున్నంతో నామం పెట్టుకున్నాడంట, చేపల డబ్బా ఖాళీది కడిగి అందులో నూనె పోసి ఒత్తి ఏసినాడంట. మనం ఇత్తడి కుందులు తోమించుకుంటాం, వెండి కుందుల కోసం పోట్లాడుకుంటాం. వానికి చేపల డబ్బా. సామి దాంట్లో వెలుగే చూసినాడు గానీ వాసన చూసినాడా?

ఇప్పుడు అసలు సంగతికొస్తాండా. వీడు పోయేటప్పుడు పెండ్లాం యర్రక్కకు ఐదో నెల. పోయినాక మగపిల్లోడు పుట్టినాడు. వాళ్ళ ఇంటి ఆనవాయితీ ఏందంటే, పుట్టెంట్రుకలు తిరుమల కొండ మీదనే తీయాల, పిల్లోణ్ణి తండ్రి ఒళ్ళోనే కూర్చోబెట్టుకోవాల, ఐదేండ్లు నిండకముందే జరిగిపోవాల. తాత ముత్తాతల నాటినుంచి తప్పలేదంట. మొదటి ఏడు పోయింది, మూడో ఏడు పోయింది. నాలుగు నిండి ఐదో ఏడు నడస్తాండాది. పిల్లోని ఎంట్రుకలు నడుముదాకా వచ్చినాయి. యర్రక్క రెండు జడలేసి, రిబ్బన్లు కట్టి పంపిస్తే, బడికాడ పిల్లోళ్ళంతా జడల పాప, జడల పాప అని ఒకటే ఎగతాళి. పిల్లోడు బడికి పోనని మంచంకోడు పట్టుకోని ఏడుపు. ఆయమ్మ ఫోన్లో చెప్పి తానూ ఏడ్చింది. ఇంగ మూడు నెలలే ఉండాది, వస్తావా రావా, సామికి తప్పు పడుతుంది అని. రెడ్డెప్ప పోయి సేటునడిగినాడు. ఇంటికి పోయొస్తా సేటూ అన్నాడు. వచ్చే నెల చూద్దాం అన్నాడు సేటు. పాసుపోర్టు సేటు బీరువాలో ఉండె. మల్ల అడిగినాడు. మల్ల అదే మాట. పుట్టెంట్రుకల సంగతి చెప్పినావా అంటే, లేదు. మన దేవుడు, మన కొండ, మన మొక్కు, వాళ్ళకేం తెలుస్తాది, నవ్వుతారేమో అని వీడు మింగేసినాడు. మనం అంతే గదా. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్తాం.

చలికాలం వచ్చింది. చలికాలంలో ఆడ పట్నంలో ఉండే అరబ్బులు కూడా ఎడారికొచ్చి గుడారాలేసుకుంటారంట. వీని మందకు అరమైలు దూరంలో ఒక పెద్దాయన గుడారాలు లేచినాయి. ఆయన పేరు అబూ మిస్ఫర్, అంటే మిస్ఫర్ నాయన అని. డెబ్బై ఏండ్లు పైన, తెల్ల గడ్డం, చుట్టుపక్కల గుడారాలోళ్ళందరూ ఆయన మాటకు విలువిస్తారు. ఆ గుడారంలో వంట చేసే ఆయమ్మ ఎవరనుకుంటిరి? కాశింబీ. మన రాయచోటి పాత బస్టాండు వెనకాల ఇల్లు. ఐదేండ్లకు ఎదురుగా తెలుగు మాట వినపడేసరికి రెడ్డెప్పకు కండ్లలో నీళ్ళు తిరిగినాయంట. ఆయమ్మ మాత్రం, ఏడ్చేది తర్వాత, ముందు ఆ మేకల్ని నా రొట్టెల కాడినుంచి తోలురా అబ్బీ అనిందంట.

మొదటిసారి పెద్దాయన వీణ్ణి గుడారంలోకి పిలిచి గావా ఇప్పించినాడు. గావా అంటే వాళ్ళ కాఫీ. పాలుండవు, చక్కెరుండదు, యాలకుల వాసన, చేదు. కప్పు కూడా ఇంత, తీర్థం పట్టేంత. వీడు తాగి కప్పు తిరిగిచ్చినాడు. మల్ల పోసినారు. పెద్దోళ్ళు పోస్తే వద్దనకూడదని మల్ల తాగినాడు. మల్ల పోసినారు. అట్ల తొమ్మిది కప్పులు తాగినాడంట మహానుభావుడు. కాశింబీ తెర వెనకనుంచి చూసి చూసి, కప్పును ఇట్ల ఆడించియ్యాలరా, అప్పుడే చాలని అర్థం, లేకుంటే తెల్లారేదాకా పోస్తానే ఉంటారు అనింది. సరే, అది నేర్చుకున్నాడు. అయితే ఇంకొక మర్యాద ఉండాది. అది ఆయమ్మ చెప్పలేదు, వీడు అడగలేదు.

ఏమైందంటే, ఒక శనివారం సేటు మందలో పోతుమేక ఒకటి తప్పిపోయి పెద్దాయన గుడారాల కాడ దొరికింది. తోలుకొచ్చేదానికి సేటూ రెడ్డెప్పా ఇద్దరూ పోయినారు. మధ్యాన్నం తిరిగింది. గుడారంలో పది పన్నెండు మంది పెద్దలు తివాచీ మీద వరసగా కూర్చోనుండారు. పెద్దాయన సేటును ఒక పక్క, రెడ్డెప్పను ఇంకొక పక్క కూర్చోబెట్టుకున్నాడు. కాపరి, వాకిట్లో నిలబడనీ అనలేదు. ఇది కూడా చెవిలో ఏసుకోండి. గావా తిరిగింది. సేటు తాగినాడు, అందరూ తాగినారు. వీని చేతికీ కప్పు వచ్చింది. వద్దంటే మర్యాద కాదు, తాగితే ఒక్కపొద్దు చెడతాది. ఏం చేసినాడు? తీసుకున్నాడు, కండ్లకద్దుకున్నాడు, తాగకుండా మెల్లిగా తన ముందర కింద పెట్టినాడు. పొద్దు మునిగినాక తాగుదాములే అని.

అంతే. గుడారంలో మాట ఆగిపోయింది. గావా పోసేవాడు కూజా పట్టుకోని అట్లే నిలబడిపోయినాడు. అందరూ ఆ కప్పునే చూస్తాండారు. ఎంగిలి చేసినానా, కాలు తగిలిందా, ఏం తప్పు జరిగిందో రెడ్డెప్పకు తెలీదు. పెద్దాయన వీని పక్కకు తిరిగి నిదానంగా ఏదో అన్నాడు. వీనికొచ్చిన అరబ్బీ మేకలకు సరిపోయేంతే. తెలీలా. అప్పుడు పెద్దాయన కాశింబీని పిలిపించినాడు. ఆయమ్మ తెరపక్కకొచ్చి, కప్పును చూసి, గుండెలమీద చెయ్యేసుకుందంట.

"ఎంత పని చేసినావురా అబ్బీ. గావా తాగకుండా కింద పెడితే, ఈ ఇంటాయనతో నాకొక మనవి ఉండాది, అది తీర్చేదాకా తాగను అని అర్థం. ఆయన నీ మనవి చెప్పమంటాండాడు. అడుగు."

"లేదక్కా, ఈ పొద్దు శనివారం, నాకు ఒక్కపొద్దు. అంతకుమించి ఏం లేదు, అదే చెప్పు" అన్నాడు రెడ్డెప్ప. ఆయమ్మ చెప్పలేదు. వీని మొగం తట్టు చూసింది. ఆయమ్మకు జడల పిల్లోని సంగతి వీడే ఎప్పుడో చెప్పుకున్నాడు, యర్రక్క పంపిన ఫోటో కూడా చూపించినాడు.

"నీకు అడగాల్సింది ఉందా లేదా, అది చెప్పు."

"ఉండాది. కానీ నేను అందుకోసం పెట్టలేదక్కా. ఇప్పుడు అడిగితే అబద్ధమాడినట్లు గాదా? సేటు కూడా పక్కనే ఉండాడు, ఆయప్ప ఉప్పు తింటాండా."

"నువ్వు నీ దేవుని కోసం పెట్టినావు. నీ కోసం ఎవరు పెట్టించినారో మనకేం తెలుసు? అడగరా. ఇంతమంది పెద్దోళ్ళు కాచుకోనుండారు."

చూడండి, నమాజు చేసే ఆడమనిషి ఒక్కపొద్దోనికి ధైర్యం చెప్తాండాది. రెడ్డెప్ప తల వంచుకోని చెప్పినాడు. ఇంటికి పోవాల అని చెప్పలేదు ఈసారి. పిల్లోని ఎంట్రుకలు అని మొదలుపెట్టినాడు. నాలుగేండ్లు నిండినాయి, పుట్టినప్పటి ఎంట్రుకలు తీయలేదు, మా దేవునికియ్యాల, నా ఒళ్ళో కూర్చోబెట్టుకోని తీయించాల, జడలేసుకోని బడికి పోతాండాడు, నేను వాణ్ణి ఇంతవరకు చూడలేదు అని. కాశింబీ ఒక్కొక్క ముక్కా అరబ్బీలో చెప్పింది.

పెద్దాయన గడ్డం నిమిరేది ఆపేసినాడు. పుట్టినప్పటి ఎంట్రుకలా, ఇంతవరకు తీయలేదా, అని రెండుసార్లు అడిగినాడంట. ఎందుకంటే వాళ్ళలో కూడా బిడ్డకు ఏడో దినం గుండు చేయిస్తారు. చేయించి దానధర్మం చేస్తారు. ఇది రెడ్డెప్పకు యాడ తెలుసు? నవ్వుతారని నాలుగేండ్లు దాచుకున్న మాట, వాళ్ళ ఇంట్లో మాటే. గుడారంలో ఉండేవాళ్ళంతా, ఏడో దినం చేయాల్సింది ఐదో ఏడా, అని ఒకరి మొగాలొకరు చూసుకుంటాండారు. పెద్దాయన సేటు పక్కకు తిరిగినాడు. కోపంగా గాదంట, చిన్నప్పుడు మనల్ని మన పెదనాయన అడిగినట్ల అడిగినాడంట, ఏమబ్బా, పిల్లోని తల ఇన్నేండ్లు అట్లే పెట్టినావా అని. సేటు మొగం చిన్నదైపోయింది. వీడు ఇంటికి పోతా అన్నాడు గానీ ఎంట్రుకల మాట ఒక్కనాడూ చెప్పలేదు, ఇంటికి పోతా అని అందరూ అంటారు గదా, అన్నాడు. అది నిజమే, ఆయప్పను అని ఏం లాభం. తర్వాత మెల్లిగా, ఇన్నూరు మేకలు, ఎవరు చూడాల అన్నాడు. పెద్దాయన ఒక్క చణం కూడా ఆలోచన చేయలేదంట.

"నా కొడుకు మిస్ఫర్ కాస్తాడు. ఈ మనిషి తిరిగొచ్చేదాకా నీ మేకలు నా మేకల్లోనే. ఇంగ ఈయన్ను తాగమను, ఈయన మనవి తీరింది."

ఆ మిస్ఫర్ ఆడనే కూర్చోనుండాడు. ఇస్త్రీ బట్టలు, సెంటు వాసన, ఆఫీసు ఉద్యోగం. నాయన మాట విని తన బట్టల తట్టు ఒకసారి, బయట పోతుమేక తట్టు ఒకసారి చూసినాడంట.

ఇంగ అయిపోయిందనుకుంటిరా? కాలేదు. మనవి తీరింది, తాగాల గదా. అందరూ సంతోషంగా వీని పక్కే చూస్తాండారు. రెడ్డెప్ప కప్పు చేతికి తీసుకున్నాడు. చూస్తే బయట పొద్దు ఇంకా మూరెడుండాది. కప్పు పట్టుకోని, తాగలేక, దించలేక, ఏడుపు మొగం పెట్టినాడంట. కాశింబీకి ఇంగ తప్పలేదు. మొదటినుంచి జరిగిందంతా చెప్పేసింది. వీనికి ఈ పొద్దు ఉపవాసమయ్యా, పొద్దు మునిగేదాకా నోట్లో ఏమీ పెట్టడు, అందుకే కింద పెట్టినాడు, మన మర్యాద వీనికి తెలీదు అని. రెడ్డెప్పకు భయం పట్టుకుంది, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటారేమో అని. పెద్దాయన నవ్వినాడంట, భుజాలు కదిలేట్ల. పొద్దు మునిగేదాకా ఉపవాసమంటే మాకు తెలీదా అన్నాడు. తెలీకుండా ఎట్లుంటాది, రంజాన్ నెలంతా వాళ్ళు చేసేది అదే గదా. తన చేతిలో కప్పు కింద పెట్టినాడు. ఆయన పెట్టినాడని సేటు పెట్టినాడు. వరసగా అందరూ పెట్టినారు. ఎవరూ తాగలేదు, ఎవరూ లేచిపోలేదు. పది పన్నెండు మంది పెద్దమనుషులు, ఒక మేకల కాపరి ఒక్కపొద్దు తీరేదాకా, మేకల గురించీ వానల గురించీ మాట్లాడుకుంటా కూర్చున్నారంట. పొద్దు మునిగింది. వాళ్ళు బయట ఇసుకలో నమాజుకు నిలబడినారు. వీడు ఇంకొక పక్క నిలబడి, చేతులు జోడించి, మూడుసార్లు గోవిందా అనుకున్నాడు. చల్లారిన గావా పారబోసి కొత్తది కాచినారు. ఖర్జూరాలు తెచ్చినారు. మొదటి పండు పెద్దాయన తన చేత్తో వీని చేతిలో పెట్టినాడంట. ఆ పొద్దు ఒక్కపొద్దుకు ఎంత పుణ్యమొచ్చిందో నేను చెప్పలేను, నాకా లెక్క తెలీదు.

పది దినాలకు సేటే పాసుపోర్టు చేతికిచ్చి, కారులో ఏరోడ్రముకు తెచ్చి దింపినాడు. పిల్లోనికని కొత్త బట్టలు కొనిచ్చినాడు. మిస్ఫర్ మేకలు కాసినాడా అంటే, కాసినాడు. కారులో హీటరు ఏసుకోని కూర్చోని కాసినాడంట. కొన్నాళ్ళకు మేకలు కారు హారనుకు అలవాటు పడిపోయినాయని కాశింబీ ఫోన్లో చెప్పి ఒకటే నవ్వు.

రెడ్డెప్ప ఇంటికొచ్చినాడు. పిల్లోడు తల్లి చీర చాటునుంచి, ఎవురమ్మా ఈయప్ప అన్నాడు. కొండకు పోయినారు. కళ్యాణకట్టలో మంగలాయన కత్తి తడుపుకోని పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకోమన్నాడు. పిల్లోడు రానంటే రానన్నాడు. కొత్తమనిషి ఒళ్ళో యాడ కూర్చుంటాడు? యర్రక్క ఎత్తి కూర్చోబెట్టబోయింది, వెంట వచ్చిన పిల్లోని అవ్వ బెదిరించింది, మంగలాయన వెనక వరస చూపించి తొందరపెట్టినాడు. రెడ్డెప్ప మాత్రం అందరినీ ఆగమన్నాడంట. పిల్లోని ముందర గొంతుక్కూర్చోని, నీకేం కావాల నాయనా, అది చెప్పు, అది అయినాకే కూర్చుందువు అన్నాడు. పిల్లోడు వాని తల తట్టు చూసినాడు.

"ముందు నువ్వు చేయించుకో" అన్నాడంట.

రెడ్డెప్ప మంగలాయన ముందర తల వంచినాడు. గుండయింది. పిల్లోడు దగ్గరికొచ్చి, ఆ నున్నటి తల మీద చెయ్యి పెట్టి చూసి, నవ్వి, తనంతట తానే ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు. జడలు సామికి చేరినాయి. ఐదేండ్లు నిండేదానికి ఇరవై దినాలు ముందర.

ఇదీ సంగతి. మనం కూడా అతిథి మర్యాదలో ఎవరికీ తక్కువ కాదు. తాగు, తాగు, తాగకపోతే నా మీద ఒట్టే అంటాం, గొంతులో పోసినంత పని చేస్తాం. ఎందుకు తాగలేదని మాత్రం అడగం. అందుకని, నేను చెప్పిందంతా ఇంటికి పోయే దోవలో మరిచిపోండి, ఫరవాలేదు. ఒక్కటి మాత్రం పెట్టుకోండి. మీ ఇంటికొచ్చినోడు మీరిచ్చింది ముట్టకుండా కూర్చున్నాడనుకో, బలవంతం చేయొద్దు. మీ చేతిలోది కింద పెట్టి, నీకేం కావాలబ్బా అని అడగండి. రేపే అడగండి. గోవిందా అనండి అందరూ.